మామ కారు వెనక ఎర్ర లైటు

మా మామ పోయిన కబురు కుప్పంలో నాకు బస్సు డ్రైవరు తెచ్చాడు. పుంగనూరు నుంచి పొద్దున్నే వచ్చే ఆ బస్సు మా వీధి చివర ఏనాడూ ఆగదు. ఆ రోజు ఆగింది. డ్రైవరు దిగి మా గడప దాకా వచ్చి చెప్పులు విడిచాడు. అతను చెప్పులు విడవడం చూసే నాకు సగం అర్థమయింది.

"అక్కా, మీ మామ రాత్రి సంగటి తిని పండుకున్నోడు మళ్ళా లేయలేదంట. మీ అత్త నీకు సెప్పమనింది. బస్సు ఇంకొక గంటకి తిరిగి పోతాది. నువ్వూ అన్నా రాండి, ముందర సీటు పెట్టింటా," అన్నాడు.

నేను తల ఊపాను. ఏడుపు రాలేదు. లోపలికి పోయి పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లాను. ఆ పొగలో నిలబడ్డాక వచ్చింది.

ఆ డ్రైవరు ఎవరో తర్వాత చెబుతాను. మా మామ, అంటే నా భర్త తండ్రి, ఎవరో ముందు చెప్పాలి. ఆయన పుంగనూరులో ఒక పెద్ద భూస్వామి దగ్గర కారు డ్రైవరు. అంతకుముందు లారీ తోలేవాడు. ఒకసారి చక్రం మారుస్తుంటే జాకీ జారి కుడి మోకాలు నలిగింది. తర్వాత కాలు కుదిరింది కానీ పూర్తిగా మడిచేందుకు రాలేదు. కింద కూర్చుని అన్నం తినేటప్పుడు ఆ కాలు ఒక్కటీ చాపుకుని కూర్చునేవాడు. మా ఇంట్లో ఆ కాలికి అడ్డం నడవకుండా అందరూ చుట్టూ తిరిగి పోవడం అలవాటు.

నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి నాకు లోకం తెలియదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా వైపు కోడలు మామ ఎదుట నిలబడి మాట్లాడదు. ఆయన వస్తే తలుపు చాటుకు పోవాలి. ఆయనకు నాతో పని పడితే అత్తతో చెబుతాడు. నేను తలుపు వెనకే ఉన్నానని ఆయనకూ తెలుసు, అత్తకూ తెలుసు. అయినా మాట అత్త మీదుగానే రావాలి.

నాకు మొదట్లో సంగటి కుదిరేది కాదు. ఉండలు కట్టేది. ఒకనాడు ఎసరు తగ్గించి, మంట పెంచి, పిండి ఎక్కువ పోసి గెలికాను. ఆ రోజు బాగా వచ్చింది. మరునాడు మళ్ళీ ఉండలు. మామ ఒక ఉండను వేళ్ళతో చిదిపి చూసి అత్తతో అన్నాడు.

"ఆ పాపకి సెప్పు. ఒకసారికి ఒకటే మార్చాల. నీళ్ళూ మార్చి, మంటా మార్చి, పిండీ మారిస్తే, ఏది కుదిర్చిందో రేపెట్ల తెలుస్తాది?"

"సంగటేమన్నా ఇంజనా? తినేసి లెయ్యి," అంది అత్త.

"ఇంజనైతే నేనే సూసుకుందును గదా," అన్నాడు ఆయన.

తలుపు వెనక నాకు నవ్వు వచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మరునాటి నుంచి నీళ్ళొక్కటే మార్చి చూశాను. వారం తిరగకముందే సంగటి కుదిరింది. ఇప్పటికీ ఇంట్లో ఏది చెడినా నేను ముందు ఒక్కటే మారుస్తాను.

ఆయన తోలే కారు మా చుట్టుపక్కల ఎక్కడా లేనిది. యజమాని మద్రాసులో వేలంలో కొన్నాడు. అమెరికా కారు. మంచమంత వెడల్పు సీట్లు. స్టీరింగు ఎడమ చేతి వైపు ఉండేది. దానివల్ల కుడి వైపు కూర్చున్న యజమానే కారు తోలుతున్నాడని పల్లెల్లో జనం అనుకునేవారు. ఆయన నిద్రపోతూ కనిపిస్తే బెదిరిపోయి పక్కకు దూకేవారు. మామ ఈ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాడు.

ఆ కారుకు క్లచ్ లేదు. ఇంకొక వింత కూడా ఉంది. స్టీరింగు పక్కన ఒక పుల్ల, దాని చివర ఒక బొత్తాము. కారు ఒక వేగానికి వచ్చాక ఆ బొత్తాము నొక్కితే కాలు తీసేసినా కారు అదే వేగంతో పోతూ ఉంటుంది. బ్రేకును కొంచెం తాకితే వదిలేస్తుంది. యజమాని దాన్ని క్రూజు అనేవాడు, మామ కూడా అదే మాట అనేవాడు. యజమానికి అది సరదా వస్తువు. మామకు అదే ఆధారం. బ్రేకు తొక్కడానికి ఆయన కాలు బాగానే పని చేసేది. యాక్సిలేటరు మీద గంటల తరబడి ఒకే తీరుగా ఆనించి ఉంచడమే చేతనయ్యేది కాదు. యజమానికి కుప్పంలో రాళ్ళ క్వారీ ఉంది. వారానికి రెండు మూడుసార్లు అక్కడికి పోయి రావాలి. ఘాటు రోడ్డు దిగి, వెంకటగిరికోట దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. అక్కడ నలభై మైళ్ళ వేగం మీద క్రూజు పెట్టి, మామ కాలు చాపుకునేవాడు.

ఒక ఏడు ఆయుధపూజ అయిన కొన్నాళ్ళకు ఆ క్రూజు పట్టు తప్పింది. నొక్కితే పట్టుకునేది. కొంత దూరం పోయాక తనంతట తానే వదిలేసేది. మళ్ళీ నొక్కాలి, మళ్ళీ వదిలేది. కుప్పం పోయి వచ్చిన రోజు మామ మోకాలు మట్టి ముంతలాగా ఉబ్బేది. అత్త ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టేది.

మదనపల్లెలో ఒక సాయిబు మెకానిక్కు ఉండేవాడు. ఇద్దరూ లారీల కాలం నుంచి స్నేహితులు. మామ కారు అక్కడికి తీసుకుపోయి వచ్చి, ఆ రాత్రి అన్నం దగ్గర సాయిబు మాటలను సాయిబు గొంతుతోనే చెప్పాడు.

"'అరే అప్పా, ఈ కారు నీకంటే షోకుగా ఉండాది' అన్న్యాడు. బానెట్ ఎత్తి సూసినాము. లోపల రేకు డబ్బా ఒకటి. దాంట్లో రబ్బరు. ఇంజను గాలి పీలిస్తే ఆ రబ్బరు లోపలికి పోతాది, సన్న గొలుసు ఒకటి లాగుతాది. మనం కాలుతో తొక్కే పని ఆ గొలుసు సేస్తాది, అంతే. డబ్బా చెడిందేమో అనుకున్న్యాము. దాని గాలి ట్యూబు ఊడబెరికి నేను నోటితో పీల్చి నాలిక అడ్డం పెట్టినా. రబ్బరు లోపలికి పోయింది పోయినట్లే నిల్చింది. డబ్బా మంచిదే."

"నోటితోనా? అందుకేనా పెట్రోలు కంపు?" అంది అత్త.

"ట్యూబు కొంచెం నెర్రెలిచ్చింటే దాన్ని మార్చినాము. కరెంటు ఫీజు సూసినాము, మంచిదే. వచ్చేటప్పుడు పుంగనూరు దాకా పట్టింది. ఊర్లోకి వస్తానే మోరీ కాలవ కాడ గతుకు పడింది. వదిలేసింది."

"యజమాని ఏమంటాండాడు?"

మామ కంచంలో నీళ్ళు పోసుకున్నాడు.

"కాలు కుదరకుంటే ఇంట్లో కూసో, నీకేమన్నా తక్కువ సేస్తానా అన్న్యాడు. మంచి మాటే అన్న్యాడు. కుప్పంలో ఒక పిల్లోడు ఉండాడంట, లైసెన్సు ఉండాదంట. ఈసారి పోయినప్పుడు వాణ్ణి సూస్తాడంట."

అత్త కాపడం మూటను మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఆ మంచి మాట మామకు ఎంత బరువో నాకు తలుపు వెనక నుంచే తెలిసింది. ఆయనకు స్టీరింగు లేని బతుకు ఎట్లా ఉంటుందో మేమెవరమూ ఊహించలేదు. పండగ రోజు కూడా ఆయన ఒకసారి కారు షెడ్డుకు పోయి, తుడిచిన కారునే మళ్ళీ తుడిచి వచ్చేవాడు. వెనక అద్దం ముందు తుడిచేవాడు. అడిగితే, "ముందర అద్దం ఎట్లాగూ తుడుస్తాము. వెనకది మర్సిపోతాము," అనేవాడు.

అప్పటికి నా భర్త ఆ క్వారీలోనే పనికి కుదిరి కుప్పంలో గది తీసుకున్నాడు. నన్ను పంపించమని కబురు పెట్టాడు. యజమాని ఆ వారం కుప్పంలోనే ఉండిపోయాడు. ఆయనను తీసుకురావడానికి మామ ఖాళీ కారులో పోవాలి. అత్తే అంది, "ఖాళీగానే పోతాది గదా, ఆ పాపను ఎక్కించుకోని పో."

నా ట్రంకు పెట్టె, ఒక చాప, రాగిపిండి సంచి వెనక పెట్టి, నేను వెనక సీటు మూలకు ఒదిగి కూర్చున్నాను. సాయంత్రం బయలుదేరాము. మామతో ఒంటరిగా అంత దూరం పోవడం అదే మొదలు. ఆయన అద్దంలో కనిపిస్తాడని నేను కిటికీ వైపే తల తిప్పుకున్నాను. పలమనేరు దాటేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన దారి పొడవునా క్రూజు నొక్కుతూనే ఉన్నాడు, అది వదులుతూనే ఉంది. వదిలినప్పుడల్లా కారు కొంచెం వెనక్కి లాగినట్టయ్యేది.

ఘాటు దిగాక పొద్దు వాలింది. మామ స్టీరింగుతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు. అత్త లేదు కదా, ఎవరి మీదుగా చెప్పాలి?

"డబ్బా మంచిదే. ట్యూబు మార్సినాము. ఫీజు మంచిదే. ఇంక మిగిలింది బ్రేకు. నేను బ్రేకు తొక్కకుండానే తొక్కినాననుకుంటాండాది ఏమో ఇది. బ్రేకు తాకితే వెనక ఎర్ర లైటు వెలుగుతాది గదా. క్రూజు వదిలినప్పుడు ఆ లైటు వెలుగుతాందా, లేదా? నాకు ఇదొక్కటి తెలియాల. నేను ముందరే సూడాల. వెనక సూసేవాళ్ళు ఒకరు కావాల."

నేను కిటికీ నుంచి తల తిప్పి వెనక అద్దం వైపు చూశాను.

"మాట్లాడనక్కరలేదు. లైటు వెలిగితే సీటు మీద ఒక దెబ్బ తడితే సాలు," అన్నాడు స్టీరింగుతోనే.

నేను కొంగు నడుముకు దోపి, సీటు మీద మోకాళ్ళు వేసి వెనక్కి తిరిగాను. వెనక అద్దంలోంచి రోడ్డు కనిపిస్తోంది. మా వెనక దుమ్ము లేస్తోంది. అప్పుడప్పుడే మసక పడుతోంది. లైటు నేరుగా కనిపించదు కానీ, వెలిగితే ఆ దుమ్ము మీద పడి తెలిసిపోతుంది. ఆయన ఒకసారి బ్రేకు తాకి చూపించాడు. దుమ్మంతా కుంకుమ చల్లినట్టు అయి, మళ్ళీ మామూలైంది.

"ఇప్పుడు నలభై మీద పెడతాండా," అన్నాడు.

తిన్నని రోడ్డు. కారు పరిగెత్తుతోంది. దుమ్ము దుమ్ములాగే ఉంది. ఒక కల్వర్టు మీద కారు ఎగిరింది. అప్పుడే దుమ్ము ఎర్రబడింది, కారు కూడా వెనక్కి లాగింది. నేను సీటు మీద తట్టాను. దూది సీటు, చప్పుడు కాలేదు. ఆయన మళ్ళీ బొత్తాము నొక్కాడు.

"ఏమీ లేదా?" అన్నాడు.

గట్టిగా తట్టాను. కిటికీల్లో గాలి హోరు. ఆయనకు వినిపించలేదు.

"అయితే బ్రేకు గూడా కాదు. ఇంక నాకు తెలిసింది ఏమీ లేదు," అన్నాడు. ఆ మాట ఆయన కారుతో కూడా అనలేదు. ఊరికే అన్నాడు. వాహనం గురించి ఆయన నోట అటువంటి మాట నేను అంతకుముందు వినలేదు.

మళ్ళీ గతుకు. మళ్ళీ దుమ్ము ఎర్రబడింది.

"మామా! ఎర్ర లైటు! వెలుగుతాండాది మామా, ఇందాక గూడా వెలిగింది!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కారు రోడ్డు పక్కన మల్బరీ తోట దగ్గర ఆగింది. మామ వెనక్కి తిరగలేదు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు.

"ఇంత గొంతు పెట్టుకోని ఇన్నాళ్ళు యాడ దాసినావు పాపా?"

నేను సీటులోకి కూలబడ్డాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆయన తలుపు తీసుకుని దిగి, టార్చిలైటు తీసి నాకిచ్చాడు. "బ్రేకు పెడలు పైన సన్న స్విచ్చి ఉంటాది. నాకు మోకాలు మడవదు, తల దూర్చలేను. నువ్వు సూసి సెప్పు. తాకొద్దు, ముందు సూడు," అన్నాడు. ఈసారి నాతోనే అన్నాడు.

నేను డ్రైవరు తలుపు దగ్గర నేల మీద కూర్చుని, తల లోపలికి దూర్చి, లైటు పైకి వేశాను. పెడలుకు ఇనుప కాడ, పైకి పోయి చీకట్లో కలిసింది. చివర స్విచ్చి, దానికి వేలి చివరంత మొన. పెడలు కాడ పూర్తిగా వెనక్కి పోతే ఆ మొనను నొక్కి పట్టాలి. కానీ కాడకూ, అది ఆనుకోవలసిన ఇనుముకూ మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. పచ్చగా ఉంది. పసుపు గుడ్డ. చిన్న మూట.

నాకు వెంటనే తెలిసింది. ఆయుధపూజ నాడు కారుకు దిష్టి తీయడానికి వచ్చిన అత్త, కొండ గంగమ్మకు మొక్కుకుని, పసుపు కొమ్ము మూట కట్టి, మామ కాలు ఆనే చోటనే కట్టింది. కాలు కాపాడమని. అది కారు కుదుపులకు కాడ వెంట పైకి జారి జారి అక్కడ ఇరుక్కుంది. పెడలు వెంట్రుకవాసి ముందే ఆగిపోయేది. గతుకు పడితే ఆ వెంట్రుకవాసి సందు పెరిగి, బ్రేకు తొక్కినట్టయ్యేది.

"ఏముండాది ఆడ?"

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. అత్త మీద కోపం వస్తుందేమో.

"గుడ్డ మూట ఒకటి ఉండాది మామా. పసుపుది."

ఆయన వంగలేక వంగి చూశాడు. టార్చి వెలుగులో ముడి కనిపించింది.

"మీ అత్త ముడి గదా అది. ఉలవ మూట కట్టినట్టు కడతాది ఏది కట్టినా," అన్నాడు. కారుకు ఆనుకుని నిలబడి, చాలాసేపు మల్బరీ తోట వైపు చూశాడు. కోపం లేదు. "కాలికే కట్టింటే సరిపోయేది గదా. అడిగితే నేను వద్దంటానని పెడలుకు కట్టింది."

నేను కత్తెర ఉందా అని అడిగాను.

"కోయొద్దు. మొక్కు అది. విప్పు."

నా గాజుకున్న పిన్నీసు తీసి, ముడిలో గుచ్చి, మెల్లగా వదులు చేశాను. చేతికి గ్రీజు అంటింది, పసుపు అంటింది. మూట చేతికి వచ్చాక, మామ దాన్ని తీసుకుని కళ్ళకద్దుకుని స్టీరింగు కింద ఇనుప గొట్టానికి కట్టాడు. అది అక్కడ దేనికీ అడ్డం రాదు. కట్టి, ఒకసారి పెడలు తొక్కి వదిలాడు. పైన టక్కుమని చప్పుడైంది. అన్నాళ్ళూ ఆ చప్పుడు లేదన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది.

"మీ అత్తతో అనొద్దు పాపా," అన్నాడు.

అక్కడి నుంచి కుప్పం దాకా నేను వెనక్కి తిరిగే కూర్చున్నాను. ఎన్ని కల్వర్టులు వచ్చినా దుమ్ము ఎర్రబడలేదు. మామ కాలు చాపుకున్నాడు.

క్వారీ ఆఫీసు ముందు యజమాని కూర్చుని ఉన్నాడు. పక్కన సన్నటి కుర్రవాడు, ఇస్త్రీ ప్యాంటు, చేతిలో లైసెన్సు.

"ఏమయ్యా, నీ క్రూజు ఏమంటాండాది?" అన్నాడు యజమాని.

"పట్టిందయ్యా. పలమనేరు అవతల సరిసేసినాము."

"ఏమైందంట?"

"బ్రేకు కాడ గుడ్డ ఒకటి అడ్డం పడినాది."

"గుడ్డా! ఎవురు పెట్టినారు ఆడ?"

"తుడిసే గుడ్డలే అయ్యా," అన్నాడు మామ. ఆయన అబద్ధం చెప్పడం నేను చూసింది అదొక్కసారే.

యజమాని తానే స్టీరింగు దగ్గర కూర్చుని ఊరి చివర దాకా పోయి చూసి వచ్చాడు. దిగి, ఆ కుర్రవాడి వైపు ఇబ్బందిగా చూశాడు. కుర్రవాడు లైసెన్సు జేబులో పెట్టుకున్నాడు. మామ అతని భుజం మీద చెయ్యి వేసి, "నాకు మదనపల్లెలో బస్సు ఓనరు తెలుసు. రేప్పొద్దున వస్తావా, మాట్లాడతా," అన్నాడు. ఆ కుర్రవాడే ఇప్పుడు పుంగనూరు బస్సు తోలేది. మామ కబురు తెచ్చి నా గడప ముందు చెప్పులు విడిచింది అతనే.

కారు అమ్మేదాకా మామే దాన్ని తోలాడు. నేను పండక్కో పబ్బానికో పుంగనూరు పోయినప్పుడు ఇంట్లో మళ్ళీ తలుపు చాటే. ఆ పద్ధతి మారలేదు, మార్చాలని మాకూ అనిపించలేదు. కానీ నా మొహం వాడిపోయి ఉంటే ఆయన కనిపెట్టేవాడు. గోడతో అన్నట్టు, "ఎర్ర లైటేమన్నా పడతాందా?" అనేవాడు. నా మొదటి బిడ్డ నిలవనప్పుడు కూడా అట్లాగే అడిగాడు. "పడతాంది మామా," అన్నాను తలుపు వెనక నుంచి. ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు చాలా రోజులు ఆసరా అయింది.

"ఏమిది ఎర్ర లైటు?" అని అత్త అడిగేది. "కారు మాటలే," అనేవాడు.

మామను సాగనంపిన తర్వాత పరామర్శకు వచ్చిన వాళ్ళకు అత్త ఒక చిన్న పసుపు మూట చూపించింది. కారు అమ్మిన రోజు మామ దాన్ని విప్పి తెచ్చి, తన చొక్కా తగిలించే మేకుకు కట్టాడు. "పెడలుకు కట్టినా నేను. ఆయప్ప కాలిని ఇన్నేండ్లు అదే కాపాడింది," అని అత్త అందరికీ చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. అది కాదనడానికి నాకు నోరు రాలేదు, అవునని కూడా అనిపించింది. ఆ మూట అడ్డం పడకపోతే నేను ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడి ఉండేదాన్ని కాదు. ఇది చదివేవాళ్ళలో మా ఊరివాళ్ళు ఎవరైనా ఉంటే, అత్తకు మాత్రం చదివి వినిపించవద్దు. ఆమెకు చదువు రాదు.

కర్మాంతరాలు అయ్యాక కుప్పం తిరిగి వచ్చాము. సాయంత్రం బస్సు. డ్రైవరు ముందర సీటు పెట్టాడు కానీ, నేను పోయి చివరి సీటులో కూర్చున్నాను. వెనక అద్దం దుమ్ము పట్టి ఉంది. కొంగుతో తుడిచాను. వెంకటగిరికోట దాటాక రోడ్డు తిన్నగా వచ్చింది, మసక పడింది. కల్వర్టు దగ్గర డ్రైవరు బ్రేకు తాకాడు. బస్సు వెనక దుమ్మంతా ఒక్కసారి ఎర్రబడి, మెల్లగా మళ్ళీ దుమ్మయింది.